21 ఏళ్ళ కౌలు కాగితం: నార్‌ఫోక్ కోక్ దొర, ఆయన కుటుంబం, ఆయన రైతులు

ఈసారి పోస్టు కాస్త పొడుగు. పని ఒత్తిడి లేనప్పుడు తీరిగ్గా చదవండి. 200 ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు భూస్వామి గురించి రాస్తున్నా. "దొరల సంగతులు మనకెందుకయ్యా" అంటారని తెలుసు. ఈ దొర కథలో అసలు విషయం కౌలు. కౌలుకి చేసే భూమిలో రైతు ఎరువు తోలతాడా తోలడా, ఎందుకు తోలతాడు, ఎందుకు తోలడు అన్నదే ఇందులో ఉంది. అందుకని మనకి కావాలి.

ఆయన పేరు థామస్ విలియం కోక్. ఇంగ్లీషులో కోక్ అని రాసి కుక్ అని పలుకుతారట. మనం రాసినట్టే కోక్ అనుకుందాం. 1754లో పుట్టాడు, 1842లో పోయాడు. ఇంగ్లండుకి తూర్పున సముద్రం ఒడ్డున నార్‌ఫోక్ అని ఒక జిల్లా ఉంది. అక్కడ హోల్కమ్ అనే చోట వీళ్ళ ఎస్టేటు. సుమారు 30 వేల ఎకరాలు. మన లెక్కలో చెప్పాలంటే ఊళ్ళకి ఊళ్ళే ఒక ఇంటివాళ్ళవి.

అంత భూమి ఎలా వచ్చిందంటే, నాగలి పట్టి సంపాదించింది కాదు. వీళ్ళ మూలపురుషుడు సర్ ఎడ్వర్డ్ కోక్ అని, 1552లో పుట్టిన పెద్ద లాయరు, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆ సంపాదనతో భూములు కొన్నాడు. ఆయన తర్వాత తరాల్లో మరో థామస్ కోక్ వచ్చాడు. 1720లో లండన్‌లో సౌత్ సీ కంపెనీ షేర్లు ఆకాశానికెక్కి కుప్పకూలినప్పుడు ఈయన బాగా నష్టపోయాడు. అయినా 1734లో హోల్కమ్ హాల్ అనే మహా సౌధం మొదలుపెట్టాడు. అది పూర్తి కావడానికి 30 ఏళ్ళు పట్టింది. కట్టించిన మనిషి అది పూర్తయ్యేదాకా బతకలేదు, 1759లో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు అంతకుముందే పిల్లలు లేకుండా పోయాడు. దాంతో ఆస్తి మేనల్లుడికి చేరింది. ఆ మేనల్లుడు కోక్ ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఆయన కొడుకే మన కథానాయకుడు. 1776లో తండ్రి పోయేనాటికి ఇతనికి 21 ఏళ్ళు. ఆ వయసులోనే అంత ఎస్టేటు చేతికొచ్చింది. అదే ఏడాది నార్‌ఫోక్ నుంచి పార్లమెంటు మెంబరు కూడా అయ్యాడు. మధ్యలో కొన్నేళ్ళు తప్ప 1832 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

ఆ ఇంటికి ఇంకో విచిత్రమైన రాబడి కూడా ఉండేది. ఇంగ్లండు దక్షిణ తీరంలో డంజినెస్ అనే చోట ఉన్న లైట్‌హౌస్ వీళ్ళదే. ఆ దారిన పోయే ఓడలు సుంకం కట్టాలి. సముద్రం మీద కూడా శిస్తు వసూలు చేసిన ఇల్లు అన్నమాట.

ఇప్పుడు సేద్యం సంగతికి వద్దాం.

కోక్ గురించి అందరూ చెప్పుకునే కథ ఇది. ఆయన వచ్చేసరికి హోల్కమ్ అంతా ఇసుక పర్ర. ఒక్క గడ్డి పరక కోసం రెండు కుందేళ్ళు కొట్టుకునేవని వెక్కిరించేవాళ్ళట. ఒక కౌలుదారుడిని ఎకరానికి 3 షిల్లింగులు కాదు, 5 ఇమ్మంటే, అంత ఇచ్చుకోలేనని భూమి వదిలేశాడట. అప్పుడు కోక్ తనే సేద్యం మొదలుపెట్టి, గోధుమ పండని నేలలో గోధుమ పండించి, శిస్తు ఆదాయాన్ని 40 ఏళ్ళలో దాదాపు పదింతలు చేశాడట. 1816లో నార్విచ్ డాక్టరు ఎడ్వర్డ్ రిగ్బీ హోల్కమ్ చూసొచ్చి ఒక చిన్న పుస్తకం వేశాడు. దాంతో ఈ కథ బాగా పాకింది. తర్వాత 1908 ప్రాంతంలో కోక్ మునిమనవరాలు స్టిర్లింగ్ గారు రెండు సంపుటాల జీవితచరిత్ర రాసి కథని ఇంకా గట్టి చేశారు. ఇంట్లోవాళ్ళు రాస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాత పార్కర్ అనే చరిత్రకారుడు ఆ ఎస్టేటు జమాఖర్చు పుస్తకాలు, కౌలు పత్రాలు అన్నీ తీసి పరిశీలించి 1975లో ఒక పుస్తకం వేశాడు. అందులో బయటపడింది వేరే కథ. కోక్ రాకముందే, ఆయన పెదతాతల కాలంలోనే, ఆ నేలకి మట్టి తోలడం ఉంది, టర్నిప్ పంట ఉంది, దీర్ఘకాలం కౌలు ఉంది. ఆ చుట్టుపక్కల ఎస్టేట్ల వాళ్ళు, వాళ్ళ రైతులు అప్పటికి రెండు మూడు తరాలుగా అదే పని చేస్తున్నారు. శిస్తు పెరిగిన మాట నిజమేగానీ పదింతలు కాదు, సుమారు రెట్టింపు. అందులోనూ నెపోలియన్‌తో యుద్ధం నడిచిన రోజుల్లో ధాన్యం ధర విపరీతంగా ఎక్కింది కాబట్టి శిస్తు ఎవరి ఎస్టేటులోనైనా పెరిగేదే.

మరి కోక్ ఏం చేశాడు? ఏమీ చేయలేదనడం కూడా తప్పే. ఆయన చేసిన పని గొప్పదే, కాకపోతే కథలో చెప్పింది వేరు, కాగితాల్లో ఉన్నది వేరు. ఆయన మంచి పద్ధతిని కౌలు పత్రంలో రాయించి, చాలాకాలం దాన్ని నిలబెట్టాడు.

ముందు ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. మనకి బాగానే అర్థమవుతుంది.

నార్‌ఫోక్ నాలుగు పంటల మార్పిడి అంటారు దాన్ని. మొదటి ఏడు గోధుమ. రెండో ఏడు టర్నిప్, అంటే ముల్లంగి జాతికి దగ్గరి దుంప. మూడో ఏడు బార్లీ. ఆ బార్లీలోనే క్లోవర్ అనే పచ్చిమేత విత్తనం కూడా చల్లుతారు. బార్లీ కోసేసరికి కింద క్లోవర్ లేచి ఉంటుంది, నాలుగో ఏడంతా అదే. మళ్ళీ గోధుమ. కొన్నిచోట్ల గడ్డిని రెండేళ్ళు ఉంచేవాళ్ళు. క్లోవర్ మన పిల్లిపెసర, జనుముల్లాగా వేళ్ళలో బుడిపెలతో నత్రజని పట్టే మొక్క. ఆ రోజుల్లో నత్రజని సంగతి ఎవరికీ తెలియదు. క్లోవర్ తర్వాత గోధుమ బాగుంటుందని మాత్రం రైతుకి తెలుసు. టర్నిప్ వరసల మధ్య కలుపు తీస్తారు కాబట్టి చేను శుభ్రపడుతుంది. ఇదివరకు మూడేళ్ళకోసారి భూమిని బీడు పెట్టేవాళ్ళు, ఆ అవసరం పోయింది.

టర్నిప్ మనుషులు తినడానికి కాదు. చలికాలం మేత లేని రోజుల్లో గొర్రెల్ని ఆ చేలోనే తడికలు కట్టి వదిలేవాళ్ళు. దుంపలు తింటూ అక్కడే పెంటికలు వేస్తాయి, గిట్టలతో తొక్కి ఇసుక నేలని గట్టి చేస్తాయి. మరుసటి రోజు తడికలు పక్కకి జరుపుతారు. మనం గొర్రెలోళ్ళని పిలిచి చేలో రాత్రిళ్ళు మంద కట్టించుకుంటాం చూడండి, సరిగ్గా అదే. అలాగే మనం వేసవిలో చెరువు మట్టి తోలినట్టు వాళ్ళు గోతులు తవ్వి సున్నం కలిసిన బంకమట్టి తీసి ఇసుక నేలకి బండ్ల కొద్దీ తోలేవాళ్ళు. నేలలో పులుపు విరిగేది, తేమ నిలిచేది.

విత్తనం చేత్తో వెదజల్లడం మానేసి యంత్రంతో వరసల్లో వేయమని కోక్ తన రైతుల వెంటపడ్డాడు. వాళ్ళు అంత తేలిగ్గా కదల్లేదు. తన పద్ధతులు ఏడాదికి ఒక మైలు చొప్పున పాకుతున్నాయని ఆయన అన్నట్టు చెబుతారు. ఇక్కడ మనకొక ముచ్చట ఉంది. అదే కాలంలో, 1795లో, కెప్టెన్ హాల్కాట్ అనే కంపెనీ అధికారి దక్షిణ భారతంలో రైతులు గొర్రుతో వరసల్లో విత్తడం చూసి ఆశ్చర్యపోయి ఇంగ్లండు వ్యవసాయ బోర్డుకి రాసి పంపాడు. అది యూరపువాళ్ళు కొత్తగా కనిపెట్టిన పనిముట్టని అప్పటిదాకా ఆయన అనుకున్నాడు. అక్కడ దొర బతిమాలుతున్న పని ఇక్కడ మన తాతలు ఎప్పటినుంచో చేస్తున్నారు.

ఇక కౌలు పత్రం. మామూలుగా 21 ఏళ్ళకి రాసేవాళ్ళు. అన్నేళ్ళూ శిస్తు అంతే, మధ్యలో పెంచరు. బదులుగా రైతుకి షరతులు ఉండేవి. ధాన్యం పంట మీద వెంటనే ధాన్యం పంట వేయకూడదు. ఎండుగడ్డి, టర్నిప్, పొట్టు బయటికి అమ్మకూడదు, పశువులకి మేపి ఆ ఎరువు అదే భూమికి వేయాలి. కొట్లు, పశువుల కొట్టాలు, ఇళ్ళు దొర కట్టించి ఇచ్చేవాడు. 1816 నుంచి ఫ్రాన్సిస్ బ్లేకీ అనే స్కాట్లండు మనిషి దివానుగా వచ్చి ఈ షరతుల్ని ఇంకా పకడ్బందీగా రాయించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. మట్టి తోలితే దాని ఫలం మొదటి ఏడాదికే రాదు. ఏళ్ళ తరబడి వస్తుంది. పంట మార్పిడి ఒక చుట్టు తిరగాలంటేనే 4 ఏళ్ళు. అందుకే ఆ ఖర్చు పెట్టడానికి నార్‌ఫోక్ రైతు వెనకాడలేదు. తను తోలిన మట్టి ఫలం తనే తింటానని కాగితం మీద ఉంది. హోల్కమ్ సేద్యం అంతా ఈ ఒక్క భరోసా మీద నిలబడింది. దొర మంచితనం ఉంటే ఉండొచ్చు, కానీ రైతు పెట్టుబడి పెట్టింది దొర మంచితనం చూసి కాదు.

కోక్‌కి ఉన్న ఇంకో విద్య నలుగుర్ని కూడగట్టడం. ఏటా జూన్ ప్రాంతంలో గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో చుట్టుపక్కల రైతుల్ని పిలిచి భోజనాలు పెట్టి, చేలు తిప్పి చూపించి, చర్చలు పెట్టేవాడు. 1778 ప్రాంతంలో చిన్నగా మొదలై 1821 దాకా సాగాయి ఈ సభలు. చివరికొచ్చేసరికి దేశవిదేశాల నుంచి వేలమంది వచ్చారు. నాటు నార్‌ఫోక్ గొర్రెల్ని మానిపించి సౌత్‌డౌన్ జాతిని, పశువుల్లో డెవన్ జాతిని ప్రచారంలోకి తెచ్చింది అక్కడే. ఇప్పటి కిసాన్ మేళాలకి అది తాత అనుకోండి.

బాగున్న వైపు చెప్పాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి.

అక్కడ కౌలుదారుడంటే మనలాగా రెండు మూడు ఎకరాల మనిషి కాదు. ఒక్కొక్కరి చేతిలో వందల ఎకరాలు. పైన దొర, మధ్యలో పెద్ద కౌలుదారు, అడుగున కూలీ. నాగలి దున్నింది, టర్నిప్ చేలో గడ్డకట్టే చలిలో పని చేసింది, మట్టి గోతుల్లో దిగింది ఆ అడుగున ఉన్నవాళ్ళు. 21 ఏళ్ళ కాగితం వాళ్ళకి లేదు. ఊరుమ్మడి బీళ్ళు కంచెల్లోకి పోవడంతో ఆవుని మేపుకునే చోటు కూడా చాలామందికి పోయింది.

1815లో బయటి ధాన్యం దిగుమతి కాకుండా పార్లమెంటు చట్టం తెచ్చింది. ధాన్యం ధర నిలబడితే భూస్వామికి శిస్తు నిలబడుతుంది, కూలీకి రొట్టె ధర పెరుగుతుంది. ఆ ఏడాది నార్విచ్ పట్నంలో జనం కోక్ మీదికి తిరగబడి రాళ్ళు రువ్వారు. 1830లో కూలి లేక ఆకలితో ఉన్న కూలీలు నార్‌ఫోక్‌తో సహా తూర్పు, దక్షిణ ఇంగ్లండులో నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టారు. చలికాలంలో చేత్తో నూర్చడమే వాళ్ళకున్న కూలి, యంత్రం దాన్ని మింగేసింది. పేరుమోసిన సేద్యం జరుగుతున్న జిల్లాలోనే ఇదంతా జరిగింది.

ఓటు సంగతి కూడా చూడండి. కోక్ రాజకీయంగా విగ్ పార్టీ మనిషి. అమెరికా స్వాతంత్ర్యాన్ని సమర్థించాడు, పార్లమెంటు సంస్కరణలు కావాలన్నాడు. కానీ ఇంగ్లండులో రహస్య ఓటు వచ్చింది 1872లో. అంతదాకా అందరి ముందూ నోటితో చెప్పి ఓటేయాలి. దొర ఎటో కౌలుదారు ఓటూ అటే. 50 ఏళ్ళు ఎలా గెలిచాడో దీన్నిబట్టి కొంత అర్థం చేసుకోవచ్చు.

ఇక ఇంటి సంగతులు.

1775లో జేన్ డటన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురు ఆడపిల్లలు. ఆ రోజుల్లో పెద్ద ఎస్టేట్లు ముక్కలు కాకుండా కట్టడి రాసి మగ వారసుడికే పోయేట్టు చేసేవాళ్ళు. ఆడపిల్లలకి ఇచ్చేది ఇచ్చి పంపడమే. 1800 ఆ ఇంటికి చెడ్డ ఏడాది. పెద్ద అల్లుడు వేటలో తుపాకీ ప్రమాదంలో పోయాడు, ఆ తర్వాత కోక్ భార్య కూడా పోయింది. చిన్న కూతురు ఎలిజబెత్‌కి అప్పటికి 5 ఏళ్ళు. పెద్దయ్యాక ఆ అమ్మాయే తండ్రి ఇంటి పెత్తనం చూసింది.

22 ఏళ్ళు ఒంటరిగా ఉన్నాక, 1822లో, 67 ఏళ్ళ వయసులో కోక్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు లేడీ ఆన్ కెపెల్, స్నేహితుడి కూతురు, 18 ఏళ్ళు. ఊరు ఊరంతా నోళ్ళు నొక్కుకుంది. అదే ఏడాది డిసెంబరు 26న కొడుకు పుట్టాడు. అప్పటిదాకా ఎస్టేటు మీద ఆశ పెట్టుకున్న దగ్గరి బంధువుల ఆశ అడుగంటింది. తర్వాత ఇంకా పిల్లలు పుట్టారు. ఆ చిన్న కొడుకుల్లో ఒకడైన ఎడ్వర్డ్, వేటకాపరుల తలకి చెట్టుకొమ్మలు తగలకుండా గట్టి గుండ్రటి టోపీ కావాలని 1849లో లండన్‌లో చేయించాడని చెబుతారు. సినిమాల్లో చాప్లిన్ నెత్తిన కనిపించే బౌలర్ టోపీ అదే.

పెద్ద కూతురు రెండోసారి హెన్రీ డిగ్బీ అనే నౌకాదళ అధికారిని చేసుకుంది. వాళ్ళమ్మాయి జేన్ డిగ్బీ చిన్నప్పుడు తాతగారి హోల్కమ్‌లోనే చాలాకాలం పెరిగింది. 1824లో లార్డ్ ఎలెన్‌బరోతో పెళ్ళయింది, 1830లో పార్లమెంటు చట్టంతో విడాకులయ్యాయి. ఆ ఎలెన్‌బరోనే 1842లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. జేన్ యూరపంతా తిరిగి చివరికి సిరియా ఎడారిలో మెజ్వెల్ అనే బెదూయిన్ షేకుని పెళ్ళాడి 1881లో డమాస్కస్‌లో కన్నుమూసింది. కట్టడి రాసిన ఇంట్లో పుట్టిన ఆడపిల్ల, ఎవరి కట్టడికీ లొంగకుండా బతికింది.

1837లో విక్టోరియా రాణి కాలంలో కోక్‌కి లెస్టర్ ఎర్ల్ బిరుదు ఇచ్చారు. 1842 జూన్ 30న పోయాడు. అప్పటికి కొడుక్కి 19 ఏళ్ళు. ఆ కొడుకు 1909 దాకా బతికాడు. తండ్రి పుట్టింది 1754, కొడుకు పోయింది 1909. రెండు తరాల్లోనే 155 ఏళ్ళు! కొడుకు కూడా ఎస్టేటు బాగానే చూసుకున్నాడు, సముద్రపు ఇసుక దిబ్బల మీద పైన్ చెట్లు పెంచాడు. కానీ 1870ల తర్వాత అమెరికా గోధుమ చౌకగా వచ్చిపడి ధర కూలిపోయింది, కౌలు తగ్గించక తప్పలేదు. నాలుగు పంటల మార్పిడి ఎంత మంచిదైనా ధరని మాత్రం ఆపలేకపోయింది. ఎస్టేటు ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

కోక్ పోయాక ఆయన కౌలుదారులూ అభిమానులూ చందాలు వేసి హోల్కమ్‌లో 120 అడుగుల స్తంభం నిలబెట్టారు. దాని మూలల్లో ఒక ఎద్దు, గొర్రెలు, నాగలి, విత్తే యంత్రం చెక్కారు. పక్కన ఉన్న చెక్కడాల్లో ఒకదాంట్లో రైతుకి కౌలు పత్రం ఇస్తున్న బొమ్మ ఉంటుంది. దొర ఖ్యాతికి గుర్తుగా కౌలు కాగితాన్ని రాతిలో చెక్కిన చోటు ఇంకోటి నేనెక్కడా వినలేదు.

ఇప్పుడు మన వైపు. ఈ ఇంగ్లీషు నమూనాకి మన నేలతో సంబంధం ఉంది. 1793లో కారన్‌వాలిస్ బెంగాలులో శాశ్వత శిస్తు పెట్టినప్పుడు, జమీందారుకి భూమి మీద గట్టి హక్కు ఇస్తే ఇంగ్లీషు భూస్వామిలాగా భూమి బాగుచేస్తాడని ఆశపడ్డారు. 1802లో అదే పద్ధతి మన ఉత్తర సర్కారు జిల్లాలకి తెచ్చారు. ఏమైంది? భరోసా అంతా జమీందారుకే రాశారు. సర్కారుకి ఆయన కట్టే పేష్కషు ఎప్పటికీ పెరగదు. కింద దున్నే రైతుకి అలాంటి భరోసా రాయలేదు. నార్‌ఫోక్‌లో పెట్టుబడి పెట్టించింది రైతు చేతిలో ఉన్న కాగితం. దాన్ని వదిలేసి దొరని మాత్రం దిగుమతి చేసుకున్నారు. 1948 చట్టంతో జమీందారీలు పోయేదాకా ఆ బరువు మన తాతలు మోశారు.

జమీందారీ పోయింది గానీ కౌలు పోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకి రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, దాని కింద ఒప్పందం 11 నెలలకి, భూ యజమాని సంతకం కావాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలుదారుకి కాదు. యజమాని భయం కూడా ఉత్తది కాదు. కాగితం రాస్తే భూమి చేజారుతుందేమోనని ఆయన గుబులు. కౌలుదారు గుబులు వచ్చే ఏడు ఈ చేను నాదో కాదో అని. మధ్యలో నష్టపోయేది నేల. 11 నెలల భూమికి చెరువు మట్టి ఎవరు తోలతారు? మంద ఎవరు కట్టిస్తారు? యూరియా బస్తా వేసి ఈ పంట గట్టెక్కిద్దామనుకుంటాడు. అతని స్థానంలో నేనున్నా అదే చేస్తా.

21 ఏళ్ళు మన దగ్గర కుదిరే మాట కాదు, నాకూ తెలుసు. ఒక్కొక్కరికి ఉన్నదే రెండు మూడు ఎకరాలు, పిల్ల పెళ్ళికో చదువుకో అమ్ముకోవాల్సి రావచ్చు. కానీ పంట మార్పిడి ఒక చుట్టు తిరిగే 4 ఏళ్ళకి, యజమాని హక్కుకి ఢోకా లేకుండా, కౌలు పెరగకుండా, మట్టి తోలినవాడు మధ్యలో ఖాళీ చేయాల్సొస్తే ఆ ఖర్చు తిరిగిచ్చేట్టు రాసుకోగలమా? నా మట్టుకు నాకు చట్టం కంటే ముందు ఊళ్ళో పెద్దమనుషుల మధ్య ఇది మొదలుకావచ్చనిపిస్తుంది.

మీ ఊళ్ళో ఎవరైనా మూడు నాలుగేళ్ళకి కౌలు రాసుకుని చేస్తున్నవాళ్ళుంటే ఎలా రాసుకున్నారో కింద చెప్పండి. భూమి కౌలుకిచ్చినవాళ్ళు కూడా మీ భయం ఏమిటో దాచకుండా రాయండి. రెండు వైపులా విందాం.